రోజూ జరిగేదానికి పరామర్శ

మంగళవారం పొద్దున ఏడున్నరకల్లా మా అన్న నన్ను కాజీపేట స్టేషన్‌లో దింపి, చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి ఢిల్లీకి నా ఒక్కదాని టికెట్టు. రెండోది ఆదివారం తిరుగు ప్రయాణానిది, ఇద్దరి పేర్ల మీద ఉంది. నాదీ, వాళ్ళమ్మాయి శ్రావణిదీ.

"చెల్లె, అది ఏడ్చినా మొత్తుకున్నా ఇనకు. తీస్కరా" అన్నాడు.

నేను బస్సు కండక్టర్‌ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. గడియారం చూడకుండా అడుగు వేయలేని జబ్బు పట్టుకుంది కాబట్టి ఈ కథనంలో టైములు కాస్త ఎక్కువుంటాయి. రేపు మీరెవరైనా ఇలాంటి పని మీదే ఢిల్లీ వెళ్ళాల్సి వస్తే పనికొస్తాయి.

నేను వెళ్ళిన పని పరామర్శ. శ్రావణి నా మేనకోడలు. రెండేళ్ళుగా కరోల్ బాగ్ బజారు వెనక ఒక సందులో గది తీసుకుని సివిల్స్‌కు చదువుకుంటోంది. మూడు వారాల కింద ఆ ఇంట్లో మెట్ల కిందున్న కరెంటు మీటర్ల బోర్డు అంటుకుంది. పొగ పైకి తన్నింది. పిల్లలంతా మేడెక్కి పక్క ఇంటి మేడ మీదకు దాటుకున్నారు. ఒకమ్మాయికి మోకాలు గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కబురు జనగామ చేరాక పది రోజులు మా అన్న ఇల్లు తిరనాళ్ళయింది. మంటల్లో ఉన్న పిల్ల ఢిల్లీలో ఉంటే, బ్రెడ్డు ప్యాకెట్లూ అరటిపళ్ళూ జనగామకొచ్చాయి. వచ్చినవాళ్ళంతా "ఎట్లైంది, మొదట్నించి చెప్పు" అని అడగడం, మా వదిన మొదటి నుంచి చెప్పడం. పదో రోజుకు, కళ్ళారా చూసినవాళ్ళు కూడా అంత బాగా చెప్పలేరేమో అన్నంతగా ఆరితేరింది.

పిల్ల మాత్రం బాగుపడలేదు. ఫోన్లో గొంతు నీరసం, నిద్ర లేదు, తిండి లేదు. మంటలకు జడుసుకుందని మా అమ్మ తేల్చేసింది. జడుపుకు మా దగ్గర మందు ఉంది. తాయెత్తు, నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు అన్నీ ఒక సంచిలో కట్టి నా భుజానికి తగిలించింది. నేనూ నమ్మే బయల్దేరాను.

బండి ఎనిమిదీ పదికి కదిలింది. తొమ్మిదిన్నర దాటాక రామగుండంలో ఓదెమ్మ అనే పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఫరీదాబాద్‌లో కొడుక్కి కూతురు పుట్టిందట, చూడ్డానికి పోతోంది. నేను సర్వపిండి విప్పి తలో ముక్కా పంచేసరికి మా పెట్టెలో సగం మందికి నా ప్రయాణం సంగతి తెలిసిపోయింది. ఇక సలహాలే సలహాలు. సెలవు ముగిసి పోతున్న జవాను ఒకతను, తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలని చెప్పలేదా మీ పిల్లకు అన్నాడు. కాగజ్‌నగర్‌లో ఎక్కినామె ఒక దర్గా పేరు చెప్పి అక్కడ ఊదు వేయిస్తే మూడు రోజుల్లో జడుపు దిగుతుందంది. మంటలనేసరికి ప్రతివాళ్ళ దగ్గరా ఏదో ఒకటి ఉంది.

ఓదెమ్మ ఊరి పక్కన కంకర క్వారీ ఉందట. మాటల మధ్య వచ్చింది.

"దినాం పగటీలి రెండు గంటలకు పేలుస్తరు. పన్నెండేండ్లాయె" అంది.

"భయం గాదా?"

"భయమేందమ్మా. అలవాటైంది."

బల్లార్షా దాటి, భోజనాలయ్యి అందరం కునుకు తీస్తున్నాం. ఒంటిగంట యాభైకి ఓదెమ్మ లేచి, కిటికీ పక్క బల్ల మీదున్న తన స్టీలు గ్లాసు, నీళ్ళ సీసా, కళ్ళజోడు తీసి ఒక్కొక్కటిగా కింద పెట్టింది. నా గ్లాసు కూడా దించింది. ఎందుకన్నాను. ఆమె తన చేతులవంక చూసుకుని సిగ్గుపడింది.

"ఏమో బిడ్డా. ఇంటికాడ గీ యాళకు గూట్లెవన్ని దించుకుంట. చెయ్యి దానంతలదే పోయింది."

"దీనికి మిమ్ములనెవరన్న పలకరించనీకి వచ్చిర్రా?"

"దేనికి?" అంది ఓదెమ్మ, నిజంగానే అర్థం కాక.

నాగపూర్‌లో నారింజలు కొన్నాను. భోపాల్‌లో చీకటి పడి చాలాసేపయింది. పొద్దున ఓదెమ్మ నిజాముద్దీన్‌లో దిగిపోతూ పిల్ల జాగ్రత్తంది. ఎనిమిదిన్నరకు న్యూఢిల్లీలో దిగాను, గంట ఆలస్యం.

శ్రావణి ప్లాట్‌ఫారం మీదే ఉంది. సగమైపోయింది పిల్ల. "అత్తమ్మా" అని మెడ చుట్టూ చేతులేసింది గానీ ఏడవలేదు. మెట్రోలో రాజీవ్ చౌక్‌లో ఒకసారి మారి కరోల్ బాగ్‌లో దిగాం. మొదటి పెట్టె ఆడవాళ్ళదే. అందులో ఎవరూ సంచి గుండెకు అదుముకుని నిలబడలేదు. పంతొమ్మిదేళ్ళుగా బస్సుల్లో నేను చూసిన నిలబడే తీరు వేరు.

ఇల్లు నాలుగంతస్తులు. ఓనరూ ఆయన భార్యా మొదటి అంతస్తులో ఉంటారు. పైన మూడంతస్తులూ ఆడపిల్లల గదులు. మెట్లకు కొత్త సున్నం వాసన. మూడో అంతస్తులో శ్రావణి గది, తోడు హారిక అని తెనాలి పిల్ల. గుమ్మంలోనే శ్రావణిని నిలబెట్టి దిష్టి తీశాను. ఎండుమిరపకాయలు తిప్పి, కాల్చడానికి అగ్గిపుల్ల గీయబోతుంటే హారిక చేయి పట్టుకుంది.

"ఆంటీ, పొగొస్తే కిందనుంచి పరిగెత్తుకొస్తారండి అందరూ."

నిప్పుకు జడుసుకున్న పిల్ల ముందు నిప్పు పెట్టబోయిన తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ముగ్గురం నవ్వుకున్నాం. మిరపకాయలు సందు చివర చెత్తలో పడేసి వచ్చాను.

ఒంటిగంటకు పప్పన్నం తిని పడుకున్నాను. కళ్ళు మూతపడుతుండగా బరబరమని చప్పుడు. శ్రావణి పుస్తకాలున్న ఇనప్పెట్టెను లాక్కొచ్చి తలుపుకు అడ్డం పెడుతోంది. హారిక లేవకుండానే కాలితో ఒక తోపు తోసి సాయం చేసింది. ఇద్దరికీ అది చెప్పుకోనవసరం లేని పని.

నేను కళ్ళు మూసుకునే ఆలోచించాను. నిప్పుకు భయపడ్డ మనిషి తలుపు తీసి పెట్టుకుంటుంది. చెప్పులు గుమ్మం దగ్గరే పెట్టుకుంటుంది. తలుపుకు పెట్టె అడ్డం పెట్టుకుంటుందా?

రెండూ నలభైకి జవాబొచ్చింది. తాళంలో చెవి తిరిగింది. తట్టలేదు, పిలవలేదు. తలుపు జానెడు తెరుచుకుని పెట్టెకు తగిలి ఆగింది. శ్రావణి మంచం మీద మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుంది. నేను లేచి పెట్టె పక్కకు జరిపి తలుపు తీశాను. అరవై ఏళ్ళాయన, ఇస్త్రీ కుర్తా, చేతిలో చెవుల గుత్తి. నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. నల్లా కారుతోందేమో చూడ్డానికొచ్చాడట.

"తలుపు కొట్టడం రాదా?" నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"నా కూతుళ్ళ లాంటివాళ్ళు. కూతురి గదికి తలుపు కొడతామా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నా చెయ్యి అప్పటికే లేచింది. శ్రావణి వెనకనుంచి పట్టుకుంది. "వద్దత్తమ్మా. ఇంట్ల చెప్పకు. నీకు దండం పెడుత."

అప్పుడు బయటపడింది. మంటలు ఆరడానికి పదకొండు నిమిషాలు పట్టిందట. ఇది ఏడాదిన్నరగా నడుస్తోంది. నల్లా అంటాడు, ఫ్యాను అంటాడు, స్నానం చేసి వచ్చే వేళకు మెట్ల మీద నిలబడతాడు, పక్కనుంచి దాటిపోవాల్సిందే. పైగా లోపలి గొళ్ళెం పీకేయించాడు, సేఫ్టీ కోసమట. మంటల తర్వాత అదే వంకతో రోజుకు రెండుసార్లు వస్తున్నాడు. ఇల్లు మారదామని అంతకుముందు నాలుగు చోట్ల చూశారు. ఒకచోట ఓనరు కొడుకు, ఒకచోట కాపలావాడు.

"మరి నాన్నకెందుకు చెప్పలె?"

"చెప్తే ఏం జేస్తడు అత్తమ్మా? ఆయన్ని ఏమంటడు? నన్ను తీస్కపోతడు. ఇంకొక్క ప్రయత్నం ఉన్నది నాకు. మేలో పరీక్ష. ఇప్పుడు పోతే మళ్ళ రానియ్యరు."

నా సంచిలో ఆదివారం టికెట్టు ఉంది. అందులో ఆమె పేరుంది. మాట్లాడితే నా గురించి మాట్లాడాల్సి వచ్చేది.

నా సర్వీసులో పదకొండో ఏట మా బస్సు కాలువలోకి ఒరిగింది. భుజం విరిగింది. ఇరవై రోజులు మంచం మీద ఉంటే మా వాడంతా వచ్చింది. చుట్టాలొచ్చారు, తోటి కండక్టర్లొచ్చారు, రోజూ నా బస్సెక్కే పాలామె వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ మొదటి నుంచి చెప్పాను. మొదట్లో చెప్తుంటే వణుకు వచ్చేది. మూడో వారానికి, డ్రైవరు కాలువలో పడ్డ తన చెప్పు కోసం వెతుక్కున్న ముక్క దగ్గర నేనే నవ్వడం మొదలుపెట్టాను. భయం మాటల్లోంచి బయటికి పోయింది. ఇప్పుడు ఆ కాలువ పక్కనుంచే రోజూ పోతాను, ఏమీ కాదు.

కానీ అంతకు ముందూ తర్వాతా, నిండు బస్సులో టికెట్లు కొడుతూ ముందుకు జరుగుతుంటే నా ఒంటి మీద పడ్డ చేతులకు ఎవరూ రాలేదు. మొదటి ఏడాది ఒకసారి మా ఆయనకు చెప్పాను. బస్సన్నాక రద్దీ ఉండదా అన్నాడు. మా అత్త, నీకే వచ్చిందా పెద్ద ఉద్యోగం, అందరూ చెయ్యట్లేదా అంది. మా అమ్మ అలవాటైపోతుందంది. అలవాటైంది నిజమే. ఇప్పటికీ బజార్లో ఎవరైనా వెనకనుంచి భుజం తడితే నా మోచెయ్యి దానంతటదే లేస్తుంది. ఒకసారి మా ఆయన పన్ను కదిలింది. ఒక్కసారి జరిగినదానికి ఊరంతా కదిలొస్తారు. రోజూ జరిగేదానికి మాత్రం సర్దుకుపొమ్మని మనమే ఒకరికొకరం నేర్పుకుంటాం. ఇది తలుచుకుంటే ఆ మధ్యాహ్నం నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

గురువారం పదకొండింటికి వసంత్ కుంజ్‌లో డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మనసు డాక్టరు. మంటల జడుపు కోసం మా అన్న చుట్టాల ద్వారా అడిగించి పెట్టాడు. కరోల్ బాగ్ నుంచి బస్సెక్కాం. ఆడవాళ్ళకు గులాబీ రంగు టికెట్టు, డబ్బు లేదు. నేనూ కండక్టర్‌నే అన్నాను.

"అచ్ఛా? అయితే దీదీ, ఈ స్టేజీ నుంచి మీరు కొట్టండి, నేను కూర్చుంటా" అన్నాడు కండక్టరు. ధౌలా కువాన్ దాకా ట్రాఫిక్కు, ఆ తర్వాత పర్వాలేదు. పది దాటాక బయల్దేరితే గంట సరిపోతుందనుకోకండి, గంటన్నర వేసుకోండి.

డాక్టరు ప్రియ ఢిల్లీలోనే పుట్టిందట. నాన్నది గుంటూరు. తెలుగు అర్థమవుతుంది, జవాబు సగం హిందీలో వస్తుంది. శ్రావణి చేతికి ఒక ఫారం ఇచ్చింది. పేరు, వయసు, తర్వాత గడిలో సంఘటన జరిగిన తేదీ. శ్రావణి పెన్ను అక్కడ ఆగిపోయింది.

"మంటల తేదీ రాయాల్నా డాక్టర్, అసలుది రాయాల్నా?"

"అసలుది ఎప్పుడు?"

"రోజూ."

డాక్టరు ఫారం వెనక్కి తీసుకుంది. అరగంట విన్నది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "దేఖియే ఆంటీ, ఈ అమ్మాయికి నిద్ర పట్టనిది మంటల వల్ల కాదు. ఆ భయం అయిపోయింది. ఇది అయిపోలేదు కదా, రోజూ అవుతోంది. మీరు ఆ పెట్టెని బీమారీ, జబ్బు అనుకోవద్దు. పెట్టె బీమారీ కాదు. తెలివి."

"మందు ఏం రాస్తరు?"

"నిద్రకి రాస్తాను. కానీ తాళంచెవికి నా దగ్గర మందు లేదు." శ్రావణిని అడిగింది, "మంటల గురించి ఎంతమందికి చెప్పావ్?"

"అందరికీ."

"దీని గురించి?"

"హారికకు. నిన్న అత్తమ్మకు."

తిరిగొచ్చేప్పుడు ధౌలా కువాన్ దగ్గర బస్సు ఇరవై నిమిషాలు కదల్లేదు. అక్కడ ఎక్కిన ఇద్దరు ఆడపిల్లలు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. పక్కనే కాలేజీలో చదువుతున్నారట, శ్రీకాకుళం వాళ్ళు. వాళ్ళను చూస్తుంటే నాకు తోచింది. జనగామలో వదిన ఇంటికి అంతమంది వస్తే, ఈ పిల్లకు ఎందుకు రాకూడదు?

"అమ్మా, శనివారం పదిన్నరకు కరోల్ బాగ్ రండి. పరామర్శకు" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఎవరు పోయారాంటీ?"

"ఎవరూ పోలేదు. పోకముందే రండి."

సంగతి చెప్పాను. రెండో అమ్మాయి, మాక్కూడా ఉన్నాడాంటీ ఒకడు, అంది మెల్లగా. నంబరు రాసిచ్చింది.

శుక్రవారమంతా హారిక ఫోను పట్టుకునే ఉంది. గదుల్లో చదువుకునేవాళ్ళకు ఒక గ్రూపు ఉంది, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకు ఇంకొకటి. నేను పెట్టిన నియమం ఒక్కటే. గొడవకు రావద్దు. పరామర్శకు రండి, పళ్ళు తెచ్చుకోండి. శ్రావణి మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"అందరి ముందట నేను చెప్పలేనత్తమ్మా."

"మీ అమ్మ చూడని మంటలనే నలభై మందికి చెప్పింది. నువ్వు చూసిందే చెప్తవ్."

"ఎల్లగొడ్తే?"

"రోడ్డు మీద కూసొని చెప్దాం."

రాత్రి అన్న ఫోను చేసి సామాను సర్దిందా అన్నాడు. సర్దుతోందన్నాను.

శనివారం పదిన్నరకు పదకొండు మంది వచ్చారు. అందరి చేతుల్లోనూ అరటిపళ్ళు, ఆపిల్ పళ్ళు. డాక్టరుకు నేను ఫోన్లో చెబితే వాళ్ళమ్మ కూడా వచ్చింది, నేతచీర కట్టుకుని, కర్ర పట్టుకుని. అందరం మొదటి అంతస్తుకు వెళ్ళి ఓనరు తలుపు కొట్టాం. ఆయన భార్య తీసింది. "మీ ఇంట్లో నిప్పంటుకుంది కదా బెహన్‌జీ, చూడ్డానికొచ్చాం" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆమె లోపలికి పిలిచింది. ఓనరు మమ్మల్ని చూసి ఉబ్బిపోయాడు. అందరినీ కూర్చోబెట్టి, టీ పెట్టమని, తన మీటర్ల బోర్డు కథ తానే ఎత్తుకున్నాడు. పావుగంట విన్నాం. పరామర్శకు వెళ్ళాక వినాలి.

అయిపోయాక నేనన్నాను, "నిప్పు సంగతి అయిపోయింది భాయ్‌సాబ్. ఇంకొకటుంది." శ్రావణి వైపు తిరిగి, "ఎట్లైంది బిడ్డా, మొదట్నించి చెప్పు" అన్నాను.

శ్రావణి నేలవంక చూస్తూ మొదలుపెట్టింది. రెండు వాక్యాల తర్వాత హిందీలోకి మారింది. ఓనరు ఏమిటీ బక్వాస్ అని లేచాడు. డాక్టరు వాళ్ళమ్మ కర్ర తలుపుకు అడ్డంగా పెట్టింది. "కూర్చో నాయనా. పరామర్శలో మధ్యలో లేవకూడదు" అంది తెలుగులో. అర్థం కాకపోయినా కూర్చున్నాడు.

పదకొండింటికి గుర్గావ్ వాళ్ళు నలుగురొచ్చారు, ట్రాఫిక్కట. వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి కదా. శ్రావణి మళ్ళీ చెప్పింది. ఈసారి తల ఎత్తింది. వాళ్ళలో ఒకామె, ఎప్పటి సంగతి అని అడిగింది. రోజూ అనబోయి శ్రావణి ఆగింది. "రాఖీ రోజు ఒకసారి. నాతోని రాఖీ కట్టించుకొని, పగటీలి తాళంల చెవి తిప్పిండు." హారికకు దీపావళి ముందు రోజు గుర్తొచ్చింది. ఫారంలో పట్టని రోజూ అనే మాటలోంచి ఒక్కొక్క రోజూ విడివిడిగా ఊడి వస్తోంది. గుర్గావ్ ఆమె ఫోన్లో రాసుకుంటోంది. గోల విని పై అంతస్తు పిల్లలు దిగొచ్చారు. బీహార్ పిల్ల ఒకతె గుమ్మంలోనే నిలబడి తనదీ చెప్పింది. పక్కింటివాళ్ళు మెట్ల మీద చేరారు. వాళ్ళకోసం శ్రావణి మూడోసారి చెప్పింది. మూడోసారి ఆ పిల్ల గొంతులో వణుకు లేదు, కోపం ఉంది. కోపాన్ని చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇద్దరు పిల్లలు మాత్రం ఏమీ చెప్పకుండా పైకి వెళ్ళిపోయారు. వాళ్ళను బలవంతపెట్టలేదు.

ఓనరు చెమటలు తుడుచుకుంటూ, "బేటీ లాంటి..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. ఆయన భార్య వంటింట్లోంచి నీళ్ళ గ్లాసుల పళ్ళెం తెచ్చింది. అందరికీ ఇచ్చింది, ఆయనకివ్వలేదు. మేకుకు తగిలించిన చెవుల గుత్తి తీసి శ్రావణి ఒళ్ళో పెట్టింది.

"నేను ఎవరికి చెప్పుకోను అనుకునేదాన్ని. ఎవరైనా అడిగితే కదా" అంది.

తనకు ఏమేం జరిగిందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. శ్రావణి మాత్రం లేచి ఆమె పక్కన కూర్చుంది.

మూడింటికి పోలీసు చౌకీలో కాగితం ఇచ్చాం. తొమ్మిది తేదీలు, ఆరు సంతకాలు. ఆడ కానిస్టేబులు మొత్తం చదివి ముద్ర వేసి నకలిచ్చింది. ఏమవుతుందో చూడాలి, నేను పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. ఆరింటికి వడ్రంగి వచ్చి తలుపుకు లోపల గొళ్ళెం, కొత్త తాళం బిగించాడు. ఓనరు కిందనుంచి ఖాళీ చెయ్యమని కేకేశాడు. పరీక్ష రాసి, కుదిరిన రోజున ఖాళీ చేస్తామని పిల్లలు పైనుంచి కేకేశారు.

ఏడింటికి శ్రావణి వాళ్ళ నాన్నకు తనే ఫోను చేసింది. మొదటి నుంచి చెప్పింది, నాలుగోసారి. చివర్న, నేను రాను నాన్నా, అంది. అటువైపు ఫోను పెట్టేశాడు. శ్రావణి నావైపు చూసింది.

"పెట్టేసిండు అత్తమ్మా."

"పెట్టెయ్యనీ. విన్నంక పెట్టేసిండు."

ఆదివారం నాలుగింటికి బండి. శ్రావణీ హారికా స్టేషన్‌కొచ్చారు. హారిక పెరుగన్నం కట్టిచ్చింది. మథుర దాటాక టీటీ వచ్చి, రెండో ప్యాసింజర్ ఎక్కడమ్మా అన్నాడు.

"రాలేదు. రాదు. చదువుకుంటోంది."

ఆయన పేరు కొట్టేసుకుని ఆగ్రాలో ఎక్కిన ఒక ముసలాయనకు ఆ బెర్తు ఇచ్చాడు. రాత్రి నేను మధ్యలో లేవకుండా తొమ్మిదింటి నుంచి అయిదింటి దాకా నిద్రపోయాను.

సోమవారం ఏడున్నరకు నాగపూర్‌లో టీ తాగుతుంటే అన్న ఫోను. గొంతు బొంగురుగా ఉంది, రాత్రి పడుకున్నట్టు లేదు.

"ఒక్కతే ఉన్నదా ఆడ?"

"ఒక్కతే లేదన్నా. మొన్న పదిహేను మంది వచ్చిర్రు."

"గాయన్ని చంపాలె."

"నువ్వు చంపుడు వద్దు, జెయిలుకు పోవుడు వద్దు. వారానికోసారి ఫోన్ చేసి, ఏమైందో చెప్పు అని అడుగు. చదువు సంగతి కాదు, గదీ మెట్లూ సంగతి. అది చెప్తది. నువ్వు తీస్కపోవని తెలిస్తే చెప్తది."

"నాకేం ఎర్కనే చెల్లె. దినాం జరుగుతదని నాకెవరు చెప్పిర్రు?"

"మనింట్లనే ఒకర్తి ఉన్నదన్నా పంతొమ్మిదేండ్ల సంది. నువ్వు అడగలె, నేను చెప్పలె."

"ఎవరు?"

"నేను. బస్సుల."

నాలుగు రోజులు ఢిల్లీలో తిరిగి నేను తెచ్చుకున్నది ఇదే. మంటలు ఆరిన ఇంటికి పోవడం మనకు బాగా వచ్చు. మండుతున్న ఇంటికి పోవడం నేర్చుకోవాలి, అది మన ఇల్లయినా సరే. బండి కదిలింది. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఎట్లైంది చెల్లె?" అన్నాడు మా అన్న. "మొదట్నించి చెప్పు."

ముసలాయన పేపరు దించాడు. పక్క బెర్తుల వాళ్ళు కూడా నావైపు తిరిగారు. నేను గొంతు తగ్గించలేదు.